ప్రవర్తన: సంతృప్తికరం

నా సర్టిఫికెట్‌లో మార్కుల కింద ఒక చిన్న గడి ఉంది. అందులో 'ప్రవర్తన' అని అచ్చు వేసి ఉంటుంది. దాని ఎదురుగా నీలం పెన్నుతో 'సంతృప్తికరం' అని రాశారు. మా నాన్న కోదాడ దగ్గర చిలుకూరులో మా ఇంటి గడప మీద కూర్చుని ఆ కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. చివర ఆ మాట దగ్గర ఆగి, "సంతృప్తికరమంట. మంచిగనే రాసిండ్రు బిడ్డా" అన్నాడు. నేను అవునన్నాను. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

మాకు మాత్రం మొదటి రోజే చెప్పారు. సూర్యాపేట బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, రెండో అంతస్తులో ఉండేది మా ట్రైనింగ్ స్కూలు. ఏడాది ల్యాబ్ కోర్సు. రక్తం తీయడం, స్లైడు మీద పరిచి రంగు వేయడం, మైక్రోస్కోపులో చూసి కణాలు లెక్కపెట్టడం నేర్పేవారు. చేరిన రోజు మేడమ్ మా అందరినీ నిలబెట్టి నియమాల కాగితం చదివారు. ఎనభై శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మూడుసార్లు ఆలస్యంగా వస్తే ఒక రోజు రానట్టే. సెలవు కావాలంటే కారణం రాసి చీటీ ఇవ్వాలి. కారణం అబద్ధమని తేలితే ఆ రోజులు పోవడమే కాక ప్రవర్తన గడిలో పడుతుంది. ఆ గడిలో రాయడానికి మూడే మాటలున్నాయి: చాలా మంచిది, మంచిది, సంతృప్తికరం.

"చెడ్డ అని మేం ఎవ్వరికీ రాయం," అన్నారు మేడమ్. "సంతృప్తికరం అని రాస్తే చాలు. ల్యాబోళ్లకు అర్థమైతది. మళ్ల పని ఇయ్యరు."

ఇంటికి వచ్చే బస్సులో ఆ మాటలను డైరీలో రాసుకున్నాను. తొమ్మిదో తరగతి నుంచి నాకు డైరీ అలవాటు. నోటితో చెప్పలేనివన్నీ అందులో రాసుకుంటాను. చెప్పలేనివే ఎక్కువ. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అనడానికి కూడా నా గొంతు పెగిలేది కాదు. మొదటి వారంలో రెండు రోజులు క్లాసులో కూర్చుని ఉండి కూడా గైరుహాజరు వేయించుకున్నాను. మూడో రోజు నా పక్కన కూర్చున్న అమ్మాయి లేచి, "ఉంది మేడమ్, గీడనే ఉంది, సప్పుడు రాదంతే" అంది. అందరూ నవ్వారు. నా పేరు ఎదురుగా టిక్కు పడింది. మా స్నేహం అలా మొదలైంది.

ఆమెది మిర్యాలగూడ. పొద్దున ఆమె బస్సు, నా కోదాడ బస్సు కొంచెం అటూఇటుగా సూర్యాపేట చేరేవి. ముందు దిగినవాళ్లు రెండోవాళ్ల కోసం ఆగేవాళ్లం. నా మాట మీద ఆమెకు ఎప్పుడూ ఎగతాళే. "ఏందే, 'వచ్చానండీ' అంటవ్? కోదాడ దాటకముందే ఆంధ్రనా? జర గట్టిగ మాట్లాడు, ఎవ్వరు సావరు" అనేది. అలా మాట్లాడేవాళ్లు నాకు అంతకుముందు ఎవరూ లేరు. నా సంచిలో పాఠ్యపుస్తకాల కింద కథల పుస్తకాలు ఉంటాయనీ, నాకు డైరీ ఉందనీ ఆ క్లాసులో ఆమెకొక్కతికే తెలుసు. నేనే చెప్పాను.

రెండో నెలలో మా నానమ్మకు కంటి ఆపరేషన్ అయింది. రెండు రోజుల సెలవుకు చీటీ రాశాను. ఉన్నదే రాశాను: ఏ కన్ను, ఏ ఊరి దవాఖాన, చుక్కలు గంటకోసారి వేయాలి, ఇంట్లో ఆ పని చేయగలిగేది నేనొక్కతినే. మేడమ్ ఆ చీటీని క్లాసులో చదివి వినిపించారు. అప్పటిదాకా మా క్లాసులో చీటీలన్నీ ఒకటే మాట మీద నడిచేవి. నెలసరి వచ్చినా జ్వరం, పెళ్లిచూపులున్నా జ్వరం, బస్సు తప్పినా జ్వరం. "మీ క్లాసుల ఉన్నంత జ్వరం పెద్ద దవాఖానల గూడ లేదు," అన్నారు మేడమ్. "చీటీ అంటే గిట్ల ఉండాలె. దస్తూరి సూడుండ్రి, ముత్యాలు. ఇగ అందరికీ నువ్వే రాసియ్యి."

నవ్వుతూ అన్నమాటే కానీ అదే ఆనవాయితీ అయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కునే దగ్గరికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వచ్చేవారు. నేను కారణం అడిగేదాన్ని, వాళ్లు చెప్పేవారు. మేడమ్‌కు చెప్పలేని కారణాలూ నాకు చెప్పేవారు. ఒకమ్మాయి ఇంట్లో తెలియకుండా వేరే ఉద్యోగ పరీక్షకు వెళ్లింది. ఒకమ్మాయిని పత్తి ఏరడానికి రమ్మని వాళ్లమ్మ పిలిచింది. అలాంటివాటికి నేను జ్వరమే రాసేదాన్ని, కాకపోతే కొంచెం నమ్మేలా. అది తప్పని నాకు తెలుసు. కానీ నన్ను వెతుక్కుంటూ మనుషులు రావడం నాకు కొత్త. ప్రతి చీటీ చిత్తుప్రతిని డైరీలో ఎడమ పేజీలో రాసి, కుడి పేజీలో అసలు సంగతి రాసుకునేదాన్ని. అలా ఎందుకు చేశానంటే చెప్పలేను. అబద్ధం రాశాక నిజం ఎక్కడో ఒకచోట ఉండాలనిపించేది.

మా కోర్సు చివర అందరూ ఎదురుచూసేది ఒకే పని కోసం. మిర్యాలగూడలో ఒక పెద్ద డయాగ్నొస్టిక్ సెంటర్ ప్రతి బ్యాచ్ నుంచి ఒకరిని తీసుకునేది. మిగతా ల్యాబుల్లో అన్నీ మిషన్లే చేసేస్తాయి. అక్కడ ఇంకా స్లైడులు కంటితో చూసేవారు. మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నప్పుడు నాతో ఎవరూ మాట్లాడాల్సిన అవసరం ఉండదు, నేనూ మాట్లాడక్కర్లేదు. నాకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు. మా చిన్నమ్మది మిర్యాలగూడే. వాళ్లింట్లో ఉండి చేసుకోవచ్చని నాన్న కూడా ఒప్పుకున్నాడు. ఆరు నెలల ప్రోగ్రెస్ కార్డుల్లో నాదే మొదటి స్థానం. "మార్కులు, హాజరు ఇట్లనే ఉంటే నీ పేరే పంపుత" అని మేడమ్ నాతో అన్నారు. ఆ సంగతి నేను ఒక్కరికే చెప్పాను.

ఎనిమిదో నెలలో ఒక రోజు నా స్నేహితురాలు బస్టాండు క్యాంటీన్‌లో ఏడ్చింది. వాళ్లమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేశారనీ, మంచం దిగలేకపోతోందనీ, తొమ్మిది రోజులు సెలవు కావాలనీ చెప్పింది. చాయ్ అక్కడే వదిలేసి చీటీ రాశాను. నేను రాసిన చీటీలన్నిటిలో అదే మంచిదనుకుంటాను. తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గంజి తాగించడం, కూతురు బడికి పోలేదని ఆ తల్లి మంచంలోంచే బాధపడటం, అన్నీ రాశాను. అవేవీ ఆమె చెప్పలేదు, నేనే ఊహించాను. కింద 'తమ విధేయురాలు' అని రాసి ఇచ్చాను. ఆమె సంతకం పెట్టింది. డైరీలో ఆ రోజు కుడి పేజీలో వేరే కారణమేదీ లేదు. 'ఆమె ఏడ్చింది. నేను చాయ్ తాగలేదు' అని మాత్రం ఉంది.

ఆ తొమ్మిది రోజులు నా తరఫున చెప్పేవాళ్లు లేక, నా పేరు పిలిచినప్పుడు నేనే నా గొంతుతో "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. వినపడేట్టు అన్నాను. ఆమె వచ్చాక చెప్పాలనుకున్నాను.

తరువాతి నెల, హాజరు ఎనభైకి తగ్గినవాళ్ల ఇళ్లకు ఆఫీసు నుంచి ఫోన్లు వెళ్లాయి. ఆమె ఇంటికీ వెళ్లింది. మరునాడు వాళ్లమ్మ వచ్చింది. మంచం దిగలేని మనిషి రెండంతస్తుల మెట్లెక్కి, రొప్పకుండా మా క్లాసు గుమ్మంలో నిలబడింది. చేతిలో బిడ్డ మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఉంది. మేడమ్ లేచి వెళ్లి, ఒంట్లో ఎలా ఉందని అడిగారు.

"నాకేమైంది మేడమ్? గుండ్రాయి లెక్కున్న."

మేడమ్ ఫైలు తీసి చీటీ బయటపెట్టారు. ఆమె చదువుకోలేదట, మేడమే చదివి వినిపించారు. పక్కకు తిప్పడం, గంజి, అన్నీ. తన గురించి రాసింది వింటూ ఆ తల్లి ముఖంలో భయం వచ్చింది, తనకు తెలియకుండా తనకేదో అయినట్టు. అసలు సంగతి అప్పుడు ఆమె నోటి నుంచే వచ్చింది. బిడ్డ ఆ రోజుల్లో రోజూ ల్యాబ్‌కు పోయిందని, పని నేర్చుకోను స్కూలువాళ్లే పంపారని చెప్పిందని అంది. ఏ ల్యాబ్ అని మేడమ్ అడిగితే మిర్యాలగూడ సెంటర్ పేరే చెప్పింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. నేను స్నేహితురాలి వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"నేను జొరం అనే రాయమన్న మేడమ్," అంది. "గదంతా తనే కల్పించి రాసింది. తనకు కథలు రాసుకునుడు అలవాటు. సంచిల డైరీ గూడ ఉంటది."

డైరీ నా కాళ్ల దగ్గర సంచిలోనే ఉంది. అందులో తేదీతో సహా ఆమె ఏడుపు ఉంది. తీసి చూపిస్తే చాలు. కానీ ఆ పేజీకి ముందూ వెనకా మిగతావాళ్ల కుడి పేజీలున్నాయి: ఉద్యోగ పరీక్ష, పత్తి, పెళ్లిచూపులు. మేడమ్ చదివితే ఐదుగురు పరీక్షకు దూరమవుతారు. నేను ఆగింది వాళ్ల కోసమే అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజం చెప్పాలంటే, మేడమ్ గురించి నేను రాసుకున్నవి కూడా అందులో ఉన్నాయి. వాటిని ఆమె చదువుతారన్న భయమే ముందు వచ్చింది.

"దస్తూరి నీదేనా?" అన్నారు మేడమ్.

ముత్యాలన్నది ఆమే. అందరికీ రాసివ్వమన్నదీ ఆమే. ఆ మాట గుర్తుచేస్తారేమోనని చూశాను. ఆమె చీటీ వైపే చూస్తున్నారు.

"నాదే మేడమ్," అన్నాను. ఈసారి సప్పుడు వచ్చింది.

తరువాత జరిగింది ఆఫీసు గదిలో. నా స్నేహితురాలి తొమ్మిది రోజులూ హాజరులో కలిపేశారు. ల్యాబ్‌లోనే ఉంది కాబట్టి ప్రాక్టికల్ కిందికి వస్తుందన్నారు. ఆ సెంటర్ సారు అప్పటికే ఆ అమ్మాయి చేయి బాగుందని, ఆమెనే తీసుకుంటామని ఫోన్‌లో చెప్పేశారు. బ్యాచ్‌కు ఒకరికి పని వచ్చినట్టే; గేటు మీది ఫ్లెక్సీలో ఒక ఫొటో పెరుగుతుంది. ఆమె తప్పు అలా చెరిగిపోయింది. కానీ ఫైలులో అబద్ధపు చీటీ ఒకటి మిగిలి ఉంది, దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

"నిన్ను తీసేస్తలేను, పరీక్ష రాయనిస్తున్న," అన్నారు మేడమ్, మంచిగానే. "నీ అసొంటి నెమ్మదైన పిల్ల గిట్ల చేస్తదనుకోలే." క్షమాపణ పత్రం రాయమని కాగితం ఇచ్చారు. అంతమందికి చీటీలు రాసినదాన్ని, నాకోసం ఒక్క వాక్యం రాలేదు. ఆమె చెబుతుంటే రాశాను. 'నేను తోటి విద్యార్థిని పేర అసత్యము కల్పించి వ్రాసితిని.' కింద 'తమ విధేయురాలు' అని పెట్టమన్నారు. పెట్టాను. ఆ కాగితంలో దస్తూరి తప్ప నాదేమీ లేదు.

అప్పటి నుంచి బస్టాండులో నేను ఆగలేదు. ఆమె కూడా ఆగలేదు. చివరి రోజు మెట్ల మీద ఎదురైతే మాత్రం, "ఏం చేయనే, మా ఇంట్ల పరిస్థితి నీకు తెల్వదు" అంది. నిజమే, నాకు తెలియదు. ఆమె నాకు చెప్పిందల్లా వాళ్లమ్మ మంచం దిగలేదని. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

సర్టిఫికెట్ పట్టుకుని కోదాడలో మూడు ల్యాబులు తిరిగాను. మొదటి రెండు చోట్ల మార్కులు చూసి కూర్చోమన్నారు, చూపు కింద ప్రవర్తన గడి దాకా వచ్చాక ఫోన్ చేస్తామన్నారు. మూడో ఆయన పెద్దాయన. అద్దాలు తీసి, "ఏం చేశావమ్మా?" అని అడిగాడు.

"సెలవు చీటీలు రాశానండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. కానీ మైక్రోస్కోపు దగ్గరికి పంపలేదు. గాజు గొట్టాలకు అంటించే చీటీల మీద రోగుల పేర్లు రాసే పని ఇచ్చాడు. దస్తూరి బాగుందట. గాజు తలుపు అవతల ఎవరో స్లైడు చూస్తూ ఉంటారు. నేను ఇవతల పేర్లు రాస్తాను. డైరీలో ఎడమ పేజీ, కుడి పేజీ మానేశాను.

పోయిన నెల ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. నంబరు తీసేశాను కానీ మాట గుర్తుపట్టాను. 'ఏమే, మంచిగున్నవా? మా సారు చీటీ లేకుంటే సెలవు ఇస్తలేడు. అమ్మకు నిజంగనే బాగలేదు. మూడు రోజులకు ఒకటి రాసి పంపవా, నీ లెక్క నాకు రాదు.'

గుమ్మంలో నిలబడి తన గురించి రాసింది విన్న ఆ తల్లి ముఖం గుర్తొచ్చింది. నిజమే అయి ఉండవచ్చు. అడిగి తెలుసుకోవచ్చు, ఏ దవాఖాన, ఏం జబ్బు అని. చేతిలో ఉన్న గొట్టానికి పేరు అంటించి, రంధ్రాల చట్రంలో నిలబెట్టాను. తరువాత జవాబు రాశాను.

'జ్వరం అని రాసుకో.'