రాజనర్సు బోర్డులు, బుచ్చిబాబు స్పెల్లింగులు

బోర్డు రాయించాలంటే రాజనర్సు దగ్గరికే పోవాలని ఆబిడ్స్ దుకాణదారుల్లో ఒక పేరుండేది. గీత గీసుకోకుండా, సుద్ద తాడుతో వరుస కొట్టుకోకుండా, చెయ్యెత్తి రాస్తే అక్షరాలు సిపాయిల్లా వరుసగా నిలబడేవి. అయితే ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు బొమ్మలే. చదువు ఉర్దూలో నాలుగో తరగతి దాకా సాగి ఆగిపోయింది. చీటీ మీద రాసిచ్చింది చూసి దించడమే ఆయనకు తెలిసిన ఇంగ్లీషు.

యాభై ఎనిమిదిలో బుచ్చిబాబు వచ్చాడు. ఏలూరు కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యాడు. నాంపల్లిలో చిన్న గది కిరాయికి తీసుకుని తనూ బోర్డులు రాయడం మొదలుపెట్టాడు. వాడి అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలేవి. రాజనర్సు చూసి నవ్వుకున్నాడు. ఆ నవ్వు రెండు నెలలు కూడా నిలవలేదు.

కాగితాలు, పెన్నులు అమ్మే శ్రీపతి ఒకరోజు ఆయన్ని ఆపి, "రాజనర్సూ, ఏమనుకోకు. మన బోర్డు మీద తప్పున్నదట. స్టేషనరీల ఎన్ తర్వాత ఇ రావాలె, ఎ వచ్చింది. ఎ ఉంటే కదలకుండ నిలబడ్డదని అర్థమట. బుచ్చిబాబు చెప్పిండు" అన్నాడు.

"చీటీల ఎట్లుంటే అట్లనే దించిన."

"చీటీల నేనే తప్పు రాసిన్నో ఏమో. పోనీ తియ్. బుచ్చిబాబే సరిచేసిండు."

రాజనర్సు తలెత్తి చూశాడు. తాను రాసిన తొమ్మిది అక్షరాల మధ్య బుచ్చిబాబు ఇ ఒంకరగా నిలబడి ఉంది. ఆ ఒంకర అక్షరాన్ని జనం సరైనదంటున్నారు.

ఆ తర్వాత కాలేజీల బోర్డులు, వకీళ్ళ బోర్డులు బుచ్చిబాబుకు పోసాగాయి. రాజనర్సు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత డిక్షనరీ కొన్నాడు. పని లేని మధ్యాహ్నాలు దాన్ని ముందేసుకుని ఒక్కొక్క మాటా నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాడు. కాలేజీ పెద్ద ప్రిన్సిపల్‌కు చివర ఎ, ఎల్. నీతి అనే ప్రిన్సిపుల్‌కు ఎల్, ఇ. చెవికి రెండూ ఒకటే. ఇంగ్లీషువాళ్ళు ఇలా ఎందుకు చేశారో ఆయనకు అర్థం కాలేదు గానీ, మాటలు మాత్రం ఒంటబట్టాయి.

"ఆ పిలగాని పేరు తియ్యకుండ నీకు పొద్దు పోదు. గంత కోపమేంది వాని మీద?" అనేది భార్య యాదవ్వ.

"కోపం కాదు," అనేవాడు రాజనర్సు. మళ్ళీ డిక్షనరీ తెరిచేవాడు.

మూడేళ్ళకు నాంపల్లి స్టేషన్ ఎదురుగా గోపాలరావు అనే ఆయన లాడ్జి కట్టి, గోడంత బోర్డు బుచ్చిబాబుకు అప్పగించాడు. రాజనర్సు అటు పోతూ నిలబడ్డాడు. బస దొరుకుతుందని చెప్పే పెద్ద మాట, అకామడేషన్, ఎర్ర రంగులో ఇంకా తడిగా మెరుస్తోంది. సి లు రెండున్నాయి. ఎమ్ ఒక్కటే ఉంది. డిక్షనరీలో రెండున్నాయని ఆయనకు గుర్తే. నిచ్చెన మీద బుచ్చిబాబు వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు. రాజనర్సు తల ఊపి, పెదవి కదపకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళాడు.

ఇవాళో రేపో ఎవరో ఒకరు పట్టుకుంటారనుకున్నాడు. ఆర్నెల్లు గడిచాయి. రైళ్ళు దిగినవాళ్ళు వందలమంది ఆ బోర్డు చూసి లోపలికి పోతూనే ఉన్నారు. తన తప్పును ఇట్టే పట్టిన లోకం వాడి తప్పును చూడకపోవడం ఆయనను తొలిచేసింది. చివరికి తానే పోయి గోపాలరావుకు చెప్పాడు.

మరునాడు బుచ్చిబాబు ఆయన కొట్టుకే వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"రాజనర్సు గారూ, తప్పు నాదేనండి. కానీ అక్కడ ఇంకో ఎమ్‌కు చోటు లేదు. వరుసంతా చెరిపి మళ్ళీ రాయాలి. అంత పొడుగు వరుస నా చేతికి కుదరదు. మీరే రాయాలి."

"రంగు తడిగ ఉన్నప్పుడే చూసిన నేను," అన్నాడు రాజనర్సు. ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియలేదు.

"మీరు చూడటం నేనూ చూశానండి. మీకు ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాను."

ఆ మాట రాజనర్సుకు చెంపదెబ్బలా తగిలింది. లేచి కుంచెలు తీసుకున్నాడు.

పాత వరుస మీద తెల్లరంగు పూసి, అది ఆరాక ఎక్కి రాశాడు. కింద నిచ్చెన పట్టుకున్న బుచ్చిబాబు అక్షరాలు చదవబోతే, "చెప్పకు. నాకెర్కే," అన్నాడు. రెండు సి లు, రెండు ఎమ్‌లు, ఒకదానికొకటి కొలిచినట్టు కుదిరాయి.

"మీ చెయ్యి నాకుంటేనా!" అన్నాడు బుచ్చిబాబు కింది నుంచి.

రాజనర్సు కుంచె తుడుచుకుని దిగాడు. బోర్డు మూలన, రాసినవాడిగా బుచ్చిబాబు పేరు అలాగే ఉంది. చెరపమని ఆ కుర్రాడు అడగలేదు, ఈయనా చెరపలేదు. ఆ బోర్డు చూసి బుచ్చిబాబుకు ఇంకో నాలుగు పనులొచ్చాయి.

డెబ్భైల నాటికి అనుమానమొచ్చిన మాటకల్లా బుచ్చిబాబు ఆయన దగ్గరికే కబురు పంపేవాడు. రాజనర్సు స్పెల్లింగు రాసి పంపేవాడు. ఒక్కనాడూ తప్పు పంపలేదు. కానీ నాంపల్లిలో వాడి కొత్త బోర్డు కనబడితే మాత్రం సైకిలు దిగి, ఒక్కొక్క అక్షరమే చదివేవాడు. తప్పు దొరక్కపోతే ఆ పూటంతా యాదవ్వతో చిరచిరలాడేవాడు.