లింగమూర్తి పెట్టిన కాపలా

మా లింగమూర్తికి ఎవరి మీదా నమ్మకం లేదు. మదీనాగూడలో ఇంటికి తాళం వేసి, లిఫ్ట్ దాకా వచ్చి, వెనక్కెళ్లి మళ్లీ లాగి చూస్తాడని వాళ్లావిడ రజితే చెప్పి నవ్వింది. అలాంటి మనిషిని మా టీముకు లీడ్ చేశారు. ఇక మా పాట్లు చెప్పేదేముంది!

కోడ్‌లో పాస్‌వర్డ్‌లు మరిచిపోయి వదిలేస్తున్నామని ఆయన ఒక హుక్ రాశాడు. కోడ్‌లో మార్పుల్ని కమిట్ చేయబోతే, అంటే ఖరారు చేసి భద్రపరచబోతే, ఆ చిన్న స్క్రిప్టు ముందు తనిఖీ చేస్తుంది. పాస్‌వర్డ్ కనబడితే ఆపేస్తుంది. తన లాప్‌టాప్‌లో అది అడ్డుపడటం కళ్లారా చూసి, జీవితంలో మొదటిసారి ఒకదాన్ని పూర్తిగా నమ్మాడు.

కొన్నాళ్లకు ప్రవీణ కోడ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ బయటపడింది. కూకట్‌పల్లి నుంచి వచ్చే కొత్తమ్మాయి. ఆ నెలలోనే ఆమె ఉద్యోగం ఖాయం కావాలి.

"హుక్‌ను తప్పించి కమిట్ చేసినవ్ గదా?" అన్నాడు లింగమూర్తి.

"పాస్‌వర్డ్ వదిలేసింది నేనేనండి, ఒప్పుకుంటాను. కానీ ఏదీ తప్పించలేదు సార్. నాకసలు ఏ అడ్డూ రాలేదు."

"రాకుండ ఎట్లుంటది? నేనే పెట్టిన!"

హుక్‌ను పక్కనపెట్టి కమిట్ చేసే వీలు నిజంగానే ఉంది. దాంతో ఆ అమ్మాయి మాట నాతో సహా ఎవరూ నమ్మలేదు. ఆమె వస్తే క్యాంటీన్‌లో మాటలు ఆగిపోయేవి. మేనేజర్ వెంకటరమణ ఆమె కన్ఫర్మేషన్ ఆపేశాడు.

లింగమూర్తి అనుమానం అక్కడితో ఆగితేగా! మిగతావాళ్లనూ పరీక్షిద్దామని మా టీములోని చైతన్యతో అతని లాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ కమిట్ చేయించాడు. ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయింది.

"ఏందిది? నువ్వు గూడ తప్పించినవా?"

"నీ ముందే చేసిన గదన్నా!"

అప్పుడు వెతికితే తెలిసింది. హుక్ ఉండేది ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ల దగ్గరే. కోడ్‌తో పాటు అది అందరికీ వెళ్లదు, ఎవరికి వాళ్లు పెట్టుకోవాలి. ఇన్నాళ్లూ అది కాపలా కాసింది లింగమూర్తినొక్కడినే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన నేరుగా వెంకటరమణ దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకున్నాడు, ఆ మాట కాదనను. ప్రవీణ ఉద్యోగం ఖాయమైంది.

"జర మనసుల పెట్టుకోకమ్మా," అన్నాడు ఆమెతో.

"పర్లేదండి."

ఇప్పుడు అందరి లాప్‌టాప్‌లలో హుక్ ఉంది. ప్రవీణ మాత్రం కమిట్ చేసిన ప్రతిసారీ, హుక్ తనిఖీ చేసిందని చూపే స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకుంటోంది. ఎందుకమ్మా అని అడిగాను.

"రేపు మీరే అడిగితే చూపించాలి కదండీ," అంది.