స్పీకర్ వైర్లు పీకేశాను

పెద్దక్కా, మోకాలు నొప్పి తగ్గిందా? తమ్ముడూ, షుగరు ఎంతుంది? వదినకు దగ్గు పోయిందా? మా ఇంట్లో మనుషులకు బాగానే ఉంది.

మా ఆయన పాత సినిమా హాలు స్పీకర్లు తెచ్చి, కోన్లు మార్పించి, బల్బుల్లాంటి గాజు వాల్వులుండే ఆంప్లిఫయర్ తగిలించారు. ఆ స్పీకర్లు చిన్న ఆంప్లిఫయర్‌కే గట్టిగా పలుకుతాయట. ఈ రోజు ఆయన పాట పెట్టి స్నానానికి వెళ్లాక చూస్తే వాల్వులు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. ఇల్లు అంటుకుంటుందని స్పీకర్ల వైర్లు పీకేశాను. పాట ఆగింది, ఎరుపు ఆగలేదు.

ఆయన తువ్వాలుతోనే వచ్చి గూడూరు మెకానిక్‌కు ఫోన్ చేసి నా చేతికిచ్చారు.

"అవి ఎర్రగా ఎలగాల్సిందేమ్మా. పీకితే కరెంటు ప్లగ్గు పీకాల. స్పీకర్లు లేకుండా నడిస్తే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాది," అన్నాడతను.

"ప్లగ్గు ముట్టుకుంటే షాకు కొట్టదా నాయనా?" అన్నాను.

మా ఆయన వెళ్లి ప్లగ్గు పీకేశారు. మీరైతే ముందు ఏది పీకుతారో చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉందో పోయిందో చూడటానికి మెకానిక్ శనివారం పొద్దున వస్తానన్నాడు.