మూడు టిక్కెట్లు, నాలుగు ఎక్స్‌రేలు

మా పెద్దమ్మాయి కెనడాకు రానంది. ఇరవై ఏళ్ల పిల్లను గోనెసంచిలో కట్టి తీసుకుపోతామా? కోడంబాక్కంలో దానికి డబ్బింగ్ పని దొరికింది. రోజూ పోయి ఎవరి నోటికో తన గొంతు పెట్టి ఏడ్చి, సంతోషంగా ఇంటికొస్తుంది. కెనడా పిలుపు వచ్చింది తిరువొత్తియూరులో వెల్డింగ్ పని చేసే మా ఆయనకు. ఆయనా, నేనూ, తొమ్మిది చదివే చిన్నదీ పోయేటట్టు, పెద్దది మా అక్క ఇంట్లో ఉండేటట్టు మాట అనుకున్నాం.

అంతా అయ్యాక ఏజెంటు ఫోను చేశాడు. వచ్చే పిల్లయినా రాని పిల్లయినా వైద్య పరీక్ష చేయించుకోవలసిందేనట. లేకపోతే మా ముగ్గురి ఫైలూ తిప్పి కొడతారట. నేను చదివింది మూడో తరగతే అయినా ఇంతమాత్రం అర్థమైంది: దాని ఊపిరితిత్తుల ఫోటో లేకపోతే మాకు విమానం లేదు.

సాయంత్రం అది గడపలో కాలు పెట్టగానే చెప్పాను. "రేపు తలకి పోసుకో మే, ఆస్పత్రికి పోవాల. ఎక్స్‌రే తీస్తారంట."

"ఊరికి పోయేది మీరు, ఎక్స్‌రే నాకా? అబ్బాయి ఎవరు మా?"

తప్పు నాదే. పోయిన ఏడాది గుళ్లో అర్చన అని చెప్పి, పట్టుచీర కట్టించి దీన్ని తీసుకుపోయాను. పిల్లకు చెప్పకుండా చూపించేస్తే, అవతలివాళ్లు కాదన్నా పిల్ల నొచ్చుకోదని మా వాళ్ల పద్ధతి. మండపంలో పెళ్లికొడుకూ, వాళ్లమ్మా, నలుగురు మేనత్తలూ వరసగా కూర్చుని ఉన్నారు. ఒకామె దీని జడ నిజమైనదో కాదో లాగి చూసింది. ఆ రోజు నుంచి నా మాట మీద దానికి నమ్మకం పోయింది.

వాళ్ల నాయన ఫోనులో వచ్చిన కాగితం చూపించాడు. "ఇది ఎవురైనా టైపు కొట్టొచ్చు నాయనా" అంది. ఏజెంటుతో మాట్లాడించాం. "గొంతు బాగుండాది సార్. మీకు పెండ్లయిందా?" అని అడిగింది. పాపం, ఆయనకు ఇద్దరు మనవలు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా దిగివచ్చింది. "సరి, పోతా. ఒంటరిగా పోతా. ఎవురన్నా వెనకాల వచ్చినారో, సూది పొడవక ముందే లేచి వచ్చేస్తా."

మర్నాడు గిన్నెడు నువ్వులనూనె తలకు పట్టించుకుని, వాళ్ల నాయన పాత చొక్కా వేసుకుని పోయింది. ఏ పెళ్లికొడుకు చూసినా పారిపోవాల్సిందే. పోయింది బాగానే ఉంది, పాస్‌పోర్టు మాత్రం టీవీ మీదే ఉంది! ఫోను చేస్తే ఎత్తదు. ఇంకేం చేస్తాను, ఉన్న చీరతో ఆటో ఎక్కాను.

ఆస్పత్రి హాల్లో ఒక్క కుర్చీయే ఖాళీ. పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రవాడు. నా నోరు ఊరుకుంటుందా? "ఏ ఊరు నాయనా? ఏం చదువుకుంటివి?" అని మొదలుపెట్టాను. తెలుగువాడే, చక్కగా జవాబు చెబుతున్నాడు. అప్పుడే మా అమ్మాయి పాస్‌పోర్టు లేదని కౌంటరు దగ్గరి నుంచి తిరిగివస్తూ మమ్మల్ని చూసింది.

"నాకు తెల్సు! నాకప్పుడే తెల్సు!"

"పాస్‌పోర్టు మే, పాస్‌పోర్టు ఇచ్చిపోదామని..."

"పాస్‌పోర్టుకు ఆయన చదువెందుకు?"

అబ్బాయి కంగారుగా లేచి, "అట్టాంటిది ఏం లేదండీ" అంటూ రెండు చేతులూ ఊపాడు. గుప్పిట్లోంచి పసుపుతాడూ దానికి రెండు తాళిబొట్లూ వేలాడాయి.

"అయ్యో కడవుళే, తాళితో సహా వచ్చేసినారా!" అని మా అమ్మాయి గుమ్మం వైపు పరుగు.

"నా పెండ్లాందండీ! ఎక్స్‌రే తీసేటప్పుడు మెళ్లో ఏం ఉండకూడదంటే నాకిచ్చి పోయింది!" అని ఆ అబ్బాయి అరిచాడు. అంతలో ఆ పెళ్లామే తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఏం జరిగిందో తెలియక మెడ వంచింది. ఆ అబ్బాయి తాళి మళ్లీ ఆమె మెళ్లో వేశాడు. వెనక కుర్చీలోంచి ఎవరో పెద్దాయన నోటితోనే గట్టిమేళం వాయించాడు.

మా అమ్మాయి గుమ్మంలోనే కూలబడి నవ్వింది. నవ్వుతూనే పాస్‌పోర్టు లాక్కుంది, నవ్వుతూనే లోపలికి పోయింది. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టలేక మూడుసార్లు తీయాల్సి వచ్చిందట.

"అయిపొయ్యింది మా. ఇంక మీరు పోవచ్చు" అంది బయటికొచ్చి, నూనె కారుతున్న నుదురు నా కొంగుకే తుడుచుకుంటూ. ఎంత మొండిది, తను రాకుండానే నన్ను విమానం ఎక్కించేస్తోంది అనుకున్నాను. నవ్వి నవ్వి నా డొక్కలు నొప్పి పెడుతున్నాయి. అయినా దాని చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.