నేనొక్కదాన్నే పాసైన ఏడాది

తిరువూరు బస్టాండులో పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ కట్టారు. నిండా నవ్వుతున్న పిల్లలే.

నేను పది రాసిన ఏడాది మా ఊరి హైస్కూల్లో పాసైంది నేనొక్కదాన్నే. తిరువూరులో అన్ని సబ్జెక్టులకూ సార్లుండేవారు. మా లెక్కల సార్ బదిలీ అయ్యాక తొమ్మిది, పది రెండేళ్లూ ఎవరూ రాలేదు. నాకు ఇంట్లో నాన్న చెప్పేవారు.

కాలేజీ మొదటి రోజు బస్సెక్కి, స్టేజీ పక్క పత్తిచేలో కలుపు తీస్తున్న సరోజను కిటికీలోంచి పిలిచాను. చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ మాది.

"ఏంటే, పలకవు?"

"కాలేజీవాళ్లతో మాకేం మాటలే? కూర్చో, బస్సు కదులుద్ది," అంది తలెత్తకుండా.

కుళ్లనుకున్నాను. మర్నాటి నుంచి అటువైపు కిటికీ దగ్గర కూర్చోలేదు.

అది కుళ్లు కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనిమిదిలో, సార్ ఉన్న రోజుల్లో, నాకు అర్థంకాని లెక్కలు విడమరిచి చెప్పింది సరోజే.