పిల్ల కోసం పట్టించిన బియ్యం

అక్క కూతురికి మూడేళ్లు నిండినా అంగన్‌వాడీ కార్డులో బరువు గీత తక్కువ బరువు చూపే పసుపు భాగం దాటలేదు. ఒక నెల విరేచనాలు, మరో నెల జ్వరం. బావ కాజీపేటలో రైల్వే డ్యూటీలకు తిరుగుతుంటాడు కాబట్టి అక్క, పిల్ల మా ఊళ్లోనే, మా ఇంట్లోనే ఉంటున్నారు. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, తిండి కూడా మార్చమంది. పిల్ల తినేదల్లా అన్నమే. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, ఆ అన్నాన్నే మారుద్దామనుకున్నాను.

పిల్లల ఎదుగుదలకు కావలసిన జింకు ఎక్కువుండే కొత్త వరి రకం తెచ్చి వానాకాలంలో రెండు గుంటల నేలలో వేశాను. పక్క మడి వడ్లు కలవకుండా వేరే కోత, వేరే టార్పాలిన్, సంచులకు ఎర్ర దారం. అన్నీ వరసగా రాసుకున్నాను. వడ్లు పట్టించే గిర్ని సంగతి మాత్రం రాయలేదు.

మూడు సంచుల వడ్లొచ్చాయి. శనివారం టౌనుకెళ్లి సుబేదారిలో ఆఫీసు పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ ఒక సంచి పట్టించేసింది. బియ్యం సున్నం వేసినంత తెల్లగా ఉన్నాయి.

"పిల్లకని చెప్పి ఇంకోపారి పాలిష్ కొట్టిచ్చిన బిడ్డా. సూడు, ఎట్ల మెరుస్తానయో!"

పాలిష్ పెరిగినకొద్దీ జింకు తవుడులోకి పోతుందని చెప్పాను. అమ్మ ముఖం చిన్నబోయింది.

"ముందే జెప్పద్దారా? నువ్వు పుస్తకంల రాసుకుంటె నాకెట్ల ఎర్క?"

తప్పు నాదే. మిగిలిన రెండు సంచులు తెల్లారి నేనే గిర్నికి తీసుకెళ్లి యంత్రం పక్కన నిలబడ్డాను.

"పొట్టు పోతె చాలు మామా."

"కోళ్లకా?" అన్నాడు గిర్నాయన.

"మా అక్క బిడ్డకు."

"రేపు మీ అక్కొచ్చి నన్ను తిడ్తది."

"నా పేరు జెప్పు."

మధ్యాహ్నం పిల్ల తన కంచంలోని గోధుమరంగు అన్నాన్ని చూసింది, మా కంచాల వైపు చూసింది, పక్కకు తోసేసింది. "నాకు తెల్లబువ్వ."

"తమ్మీ, నీ జింకు దాని కడుపులకు పోవాలె గద," అంది అక్క.

రాత్రి అమ్మ ఆ బియ్యమే ఎక్కువసేపు నానబెట్టి అందరికీ వండింది.

"ఏందే గీ బువ్వ?" అన్నాడు బాపు.

"పిల్ల సూస్తాంది. సప్పుడు జెయ్యక తిను."

బాపు తిన్నాడు. ఆయన్ని చూసి పిల్ల నాలుగు ముద్దలు తిని పెరుగు అడిగింది.

అయితే ఇంటిల్లిపాదీ తింటే ఆ బియ్యం నెలన్నర కూడా రావు. అక్కడే బాపును వచ్చే యాసంగి పంటకు ఎకరం అడిగాను.

"గీ వడ్లు సర్కారు సెంటర్ల కొంటరారా?"

"మనం తినంగ మిగిల్తె గద బాపూ, అమ్మేది."

"అరెకరం తీస్కో."

బరువు గీత కదులుతుందో లేదో, కదిలినా అది బియ్యం వల్లేనో కాదో ఇప్పుడే చెప్పలేను. అరెకరానికి పది కిలోల విత్తనం కావాలి. ఈసారి ఐదు కంచాలకు సరిపడా పండిస్తాను.