ఓబులేసు ఎర్ర సిరా

రెండువేల అయిదు ఏప్రిల్‌లో నేను ధర్మవరం పోయింది పట్టుచీరల కోసం కాదు, వాదించి గెలవడానికి. అక్కడి విజ్ఞాన సంఘంవాళ్లు మధ్యాహ్నం మూడింటికి చర్చ పెట్టారు. భూమి వేడెక్కుతోందని చూపే అంకెలు సరిదిద్దినవి కదా, వాటిని నమ్మవచ్చా? నమ్మరాదన్నది నా పక్షం. హిందూపురం కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, నోటిదురుసు కాస్త ఎక్కువ.

ఉదయం ఏడుంబావుకు ప్యాసింజరెక్కాను. టికెట్టు తొమ్మిది రూపాయలు. పెనుకొండలో దిగి, ఉగ్గాని, బజ్జీ తిని, ఓబులేసు ఇంటికి నడిచాను. ఆయన ఒక వ్యవసాయ క్షేత్రంలో ఇరవై ఏళ్లు రోజూ ఉష్ణోగ్రత చూసి రాసిన మనిషి. ఆయన పుస్తకంలో పాత అంకెల పక్కన ఎర్ర సిరాతో తగ్గించిన అంకెలున్నాయని విన్నాను. పాతవి తగ్గిస్తే ఇప్పటి ఎండ పెరిగినట్టు కనబడుతుంది కదా, దొంగ దొరికాడనుకున్నాను.

ఆయన దాచిందేమీ లేదు. "మొదుట్లో థర్మామీటరు పెట్టె రేకుల షెడ్డు పక్కనే ఉండె సారూ. తొంభై ఆరులో బయలుకు మార్చినారు. నేను నెల దినాలు రెండు తావులా సూసినా. షెడ్డు కాడ ఒగటిన్నర డిగ్రీ ఎక్కువ సూపిచ్చె. అందుకే పాతవాటిలో అంత తీసేసినా. నల్లవి చెరపలేదు, సూడండి."

దిద్దకపోతే, పెట్టె మార్చిన ఏడు నుంచి ఊరు చల్లబడినట్టు కనబడుతుంది. దిద్దడమే న్యాయం. నాకు బాగా అర్థమైంది, నా వాదం అక్కడే కూలిపోయింది. అయినా మధ్యాహ్నం ధర్మవరం సభలో చూపిస్తానని పుస్తకం అడిగాను. "తీసుకోని పోండి. నలుగురికీ సూపీండి" అని సంచిలో పెట్టిచ్చాడు.

పదకొండింటి బస్సులో పక్కాయనకు చర్చ సంగతి చెప్పాను. "లెక్కలెందుకప్పా, ఈ సీటు మీద చెయ్యి పెట్టి సూడు" అన్నాడు. ధర్మవరంలో ఇరవై రూపాయల భోజనం సహించలేదు.

సభలో ఎర్ర అంకెల పేజీ ఎత్తి చూపించాను. "పాత ఎండను ఇట్లా కలంతో తగ్గించారు, ఇదీ వీళ్ల సైన్సు" అన్నాను. షెడ్డు ఊసే ఎత్తలేదు. రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. అప్పుడు చివరి వరసలో ఇస్త్రీ చొక్కాతో ఓబులేసు కనిపించాడు. పక్కన ఒక అమ్మాయి. ఎత్తిన పుస్తకం మూసి దించాను.

అయిదున్నర ప్యాసింజర్లో ముగ్గురం ఒకే బోగీలో పడ్డాం. పుస్తకం చేతికిస్తే తీసుకున్నాడు.

"మీరు వస్తారనుకోలేదు" అన్నాను. ఎంత నీచమైన మాట!

"నా పేరు సెప్తారేమోనని మా పాపను పిల్సుకోనొస్తి సారూ" అన్నాడు, కిటికీలోంచి చూస్తూ.

తిట్టినా బాగుండేది. పెనుకొండ దగ్గరపడ్డాక ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "మా నాయన దిద్దింది సరే కదా సార్?"

"సరేనమ్మా. తప్పు చెప్పింది నేను" అన్నాను.

వాళ్లు దిగిపోయారు. హిందూపురం దాకా ఒక్కణ్ణే కూర్చున్నాను. ఈ దారిన పోయేవారికి రైళ్ల వేళలు చెప్పగలను కానీ, నా ప్రయాణం గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. అబద్ధాన్ని రెండు వందల మంది ముందు మైకులో చెప్పాను. నిజాన్ని ఇద్దరికి, రైలు చప్పుడులో చెప్పాను.